బొచ్చు నూలు

జహ్రాలో ఫిబ్రవరి.
బట్టలుతికే మిషను పక్కన నా మంచం.
చిన్నమ్మాయి షేఖా మాల్ నుంచి తెచ్చుకుని
ఆరు వరుసలకే మొహం మొత్తి విసిరేసిన సంచీని
మామా హెస్సా తడుముకుంటూ వచ్చి నా ఒళ్లో పెట్టింది.
"నువ్వు చెయ్యి. నీకొచ్చుగా."

వచ్చు.
నరసాపురం అవతల, కాలవ గట్టు మీది అరుగుల్లో
ఏడో ఏట నుంచీ వచ్చు.
నలభై నంబరు తెల్ల దారం,
ఆవగింజంత తలకాయున్న ఉక్కు సూది,
ఐదు గొలుసులు, ఒక కాడ, మళ్లీ ఐదు.
మా పనంతా కన్నాలు కట్టడం.
లేసంటే దారం కాదు,
దారం లేని చోటుని లెక్క తప్పకుండా వదలడం.
ఏజెంటు కొండలరావు ముక్కని ఎండకేసి పట్టి
ఒక కన్ను మూసి చూసేవాడు.
తప్పిన కన్నానికి అర్ధరూపాయి కోత.

సంచీ విప్పాను.
ఇదీ ఒక నూలేనా!
తడిసి ఆరిన కుక్కపిల్లలా ఉంది.
జానెడు దూరం ఉండలు ఉండలు,
జానెడు దూరం కనురెప్పల వెంట్రుకలు,
నడుమ ఎక్కడో చేప పొలుసంత తళుకు.
కొక్కెమేమో ఊదారంగు ప్లాస్టిక్కు, గరిటె కాడంత.

గొలుసు వేశాను.
వేశానా?
వేసిన కుట్టు వేసినట్టే బొచ్చులో మునిగిపోయింది.
కళ్లజోడు పెట్టాను, ట్యూబులైటు కిందకి జరిగాను,
సూది ఎక్కడ గుచ్చాలో తెలీదు.
విప్పుదామంటే విప్పనివ్వదు,
వెంట్రుక వెంట్రుకని పట్టుకుని
అలిగిన పిల్లల్లా ముడేసుకు కూర్చుంది.

మూడో రాత్రి విసుగెత్తి లైటార్పేశాను.
అప్పుడు దొరికింది.
బొటనవేలి కింద చిన్న మెట్టు, దాని పక్కన చిన్న గొయ్యి.
గొయ్యిలో కొక్కెం.
క్లోరాక్సుకి పగిలిన వేళ్లకి
నూలు పట్టుకుని పట్టుకుని వదుల్తోంది.
పైన గదిలో ఎవరో నడుస్తున్నారు,
నేను పద్దెనిమిది లెక్కపెట్టి తిరుగుతున్నాను,
మళ్లీ పద్దెనిమిది.
ఇక్కడ తప్పు చేసినా పట్టే వాడు లేడు,
ఎండకేసి పట్టుకుంటే ఎండే కనపడదు.
ఎంత హాయో చెప్పలేను.
కాస్త భయం కూడా.

నెలాఖరుకి దుప్పటి మోకాళ్ల దాకా వచ్చింది.
మామా టీ తాగుతూ ఒళ్లో పరుచుకుంది.
కళ్లల్లో పాల మీగడలాంటి పొర ఆమెకి.
"ఖరూఫ్" అని నవ్వింది, గొర్రెపిల్ల అని.
వాళ్లమ్మ ఎడారిలో గుడారం ముందు కూర్చుని
మేకవెంట్రుక వడికేదట,
పిల్లలంతా గుప్పిళ్లతో దువ్వేవాళ్లట.
చెబుతూ చెబుతూ అరచేత్తో నిమురుతోంది,
వరుస వెంట వరుస,
గోడ తడుముకుంటూ ఇంట్లో తిరిగినట్టే.

ఒక చోట చెయ్యి ఆగింది.
వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది.
నా వేలు లాక్కుని అక్కడ పెట్టింది.
పదిహేడు.

"శిసార్ హినీ?"
ఏమైంది ఇక్కడ?

ఆ వరుసలో ఉన్న రాత్రే
బాబా పిలిచి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు,
ఇంకో రెండేళ్లకి.
నేనే ఒప్పుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు.
కిందకొచ్చి లెక్క ఎక్కడ ఆపానో
వేళ్లతో వెతుక్కున్నాను.

"మాకూ షై, మామా. ఏం లేదు."

ఆమె ఏమీ అనలేదు.
టీ చల్లారేదాకా బొటనవేలు అక్కడే ఉంచింది.

ఆఖరికి నూలు చాల్లేదు, రెండు వరుసలు తక్కువ.
షేఖాని అడిగితే ఆ రంగు ఇప్పుడు రావట్లేదంది.
నా పెట్టె అడుగున, పాత చీర మడతలో
నలభై నంబరు ఉండ ఒకటుంది,
ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు.
ఆ అంచుకి దాంతోనే కాజాకట్టు వేశాను,
ఐదు గొలుసులు, ఒక కాడ, మళ్లీ ఐదు,
గొర్రెపిల్లకి లేసు గౌనులా,
చూసి లూర్ద్ వంటింట్లో పడీ పడీ నవ్వింది.

మామాకి చలి ఆ ఒక్క వైపు నుంచే వస్తోందట.
తిప్పి కప్పనా అంటే వద్దంటుంది.
ఆ వైపే మొహం దగ్గర పెట్టుకుని
కన్నాల్లో వేళ్లు దూర్చి పడుకుంటుంది.